మీ ఊళ్ళోనే ఉంది మిస్టరీ నవల!

"మాది శ్రీకూర్మం దగ్గర పల్లెటూరు. పెళ్ళయి ఇక్కడికొచ్చి 12 ఏళ్ళయింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక సస్పెన్స్ నవలలు చదవడం నాకు అలవాటు. ఒకటి రాయాలని కూడా కోరిక. కానీ మా ఊళ్ళో ఏముంది రాయడానికి? గుడి, కోనేరు, కొబ్బరిచెట్లు, రోజూ వచ్చే బస్సు. హైదరాబాదులోనో ఫారిన్‌లోనో ఉన్నవాళ్ళే ఇలాంటివి రాయగలరేమో. మీరేమంటారు?"

పేరు వెయ్యవద్దంటూ ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. చెల్లెమ్మా, నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఊళ్ళో ఏమీ లేదంటూనే గుడి అన్నావు, కోనేరన్నావు. ఇంకేం కావాలి? నీలాగే ఇంకా చాలామంది అక్కచెల్లెళ్ళకి ఈ సందేహం ఉంటుంది కాబట్టి ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం. కుక్కర్ పెట్టుకుని వచ్చి కూర్చోండి.

అసలు మనకీ అపోహ ఎందుకొచ్చిందంటే, మనం చదివిన డిటెక్టివ్ నవలల్లో ఎక్కువ పట్నాల్లో జరిగినవే. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు గుర్తున్నారా? ఆ మద్రాసు రోడ్లు, కార్లు, టెలిఫోన్లు! అవి చదివాక పల్లెటూరంటే చప్పగానే ఉంటుంది మరి. కానీ ఒక్కసారి ఆలోచించండి. పట్నంలో పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో మనకి తెలీదు. తెలీని చోట రహస్యం దాచడం గొప్పేముంది? అందరికీ అందరూ తెలిసిన చోట, ఎవరింట్లో ఏ కూరో వాసన పట్టి చెప్పేసే చోట, ఒక్క రహస్యం దాగి ఉందంటే... అదీ అసలైన సస్పెన్స్.

మాయమైన పెళ్ళికూతురు

ఇదేదో నేను కొత్తగా చెప్తున్న సంగతి కాదు. మీ పక్క జిల్లాలోనే 100 ఏళ్ళ కిందటే ఒకాయన చేసి చూపించాడు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' చదివినవాళ్ళు, కనీసం నాటకమో సినిమానో చూసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. గిరీశం మాటలకి నవ్వుకుని, మధురవాణి తెలివికి మెచ్చుకుని వదిలేస్తాం. కానీ దాని కథ ఎలా నడిచిందో గమనించారా? అచ్చం మిస్టరీ నవలలాగే.

ముసలి లుబ్ధావధాన్లు డబ్బు పోసి చిన్నపిల్లని పెళ్ళి చేసుకుంటాడు. కొన్నాళ్ళకి ఆ పెళ్ళికూతురు మాయం! దాంతోపాటు ఒంటిమీది కంటె కూడా మాయం. ముసలాడే చంపేశాడని ఊళ్ళో పుకారు. పోలీసులొచ్చారు, కేసయింది, ప్లీడర్లొచ్చారు. కానీ శవం ఏది? లేదు. ఎందుకు లేదంటే ఆ పెళ్ళికూతురు అసలు ఆడపిల్లే కాదు. మేనకోడల్ని కాపాడుకోవడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికే చీర కట్టి ముసలాడికి అమ్మాడు. కుర్రాడు చీర విప్పేసి వెళ్ళిపోయాడు. హత్యే జరగని హత్య కేసు! ఆ ముడి ఎవరు విప్పారు? పోలీసులు కాదు, ప్లీడర్లు కాదు. మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళిన మధురవాణి.

ఇది గురజాడవారు గాలిలోంచి తీసుకోలేదు. చుట్టుపక్కల అగ్రహారాల్లో నిజంగా జరుగుతున్న వ్యవహారమే తీసుకున్నారు. ఆ రోజుల్లో విజయనగరం మహారాజు ఆనందగజపతివారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. మూడేళ్ళ లెక్కకే 1,034 పెళ్ళిళ్ళు తేలాయని గురజాడే ముందుమాటలో రాశారు. వాటిలో ఏడాది వయసు పిల్లలకి చేసినవి కూడా ఉన్నాయి. మనసు పిండేసే లెక్క అది. నాటకం మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఇప్పుడు మనం చదువుకునే పెద్ద నాటకం 1909లో వచ్చింది.

ఆయన చేసిందేమిటో చూడండి. ఏ ఇంటి పిల్లనీ పేరు పెట్టి వీధికెక్కించలేదు. ఊళ్ళ తీరు తీసుకున్నారు, ఊళ్ళ భాష తీసుకున్నారు, ఊళ్ళ పాపం తీసుకున్నారు. మనుషుల్ని మాత్రం తనే తయారు చేసుకున్నారు. ఈ సూత్రం కొంగున ముడేసుకోండి. దీనికే మళ్ళీ వస్తాం.

ఇప్పుడు శ్రీకూర్మం చూద్దాం

చెల్లెమ్మ ఏమీ లేదన్న చోట ఏముందో లెక్కపెడదామా? శ్రీకాకుళం నుంచి గార మండలం వైపు వెళ్తే 15 కిలోమీటర్ల లోపే శ్రీకూర్మం. సముద్రం దగ్గరే. విష్ణుమూర్తి తాబేలు అవతారంలో పూజలందుకునే గుడి. ఎదురుగా శ్వేత పుష్కరిణి. గుడి ఆవరణలో నిజం తాబేళ్ళు తిరుగుతుంటాయి, వచ్చినవాళ్ళు ఆకుకూరలు పెడుతుంటారు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాతకాలపు రంగుల బొమ్మలు. స్తంభాల నిండా శాసనాలు - తెలుగులో, సంస్కృతంలో, ఒడియాలో.

మధ్వాచార్యులవారి శిష్యుడు నరహరి తీర్థులు అని ఒకాయన ఉండేవాడు. సన్యాసి అయ్యుండి కూడా కళింగ రాజ్య వ్యవహారాలు చూశాడు. 1281లో ఇక్కడ యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించినట్టు శాసనం ఉంది. కాషాయం కట్టినవాడి చేతిలో రాజ్యం! ఈ ఒక్క మాట పట్టుకుని చరిత్ర నవల రాయచ్చు.

ఇంకా వినండి. పూరీలో నిద్రపోయిన రామానుజులవారు తెల్లారి కళ్ళు తెరిచేసరికి శ్రీకూర్మంలో ఉన్నారని, ఏ ఊరో ఏ గుడో పోల్చుకోలేకపోయారని వైష్ణవ సంప్రదాయంలో ఒక కథ ఉంది. పడుకున్నది ఒక ఊళ్ళో, లేచింది ఇంకో ఊళ్ళో! సస్పెన్స్ సీరియల్ మొదటి వారానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ ఎవరివ్వగలరు?

కోనేట్లో కలిపిన అస్థికలు తాబేలు ఆకారం రాళ్ళుగా మారతాయని ఒక నమ్మకం. గుడిలోంచి కాశీకి సొరంగం ఉందని ఇంకో మాట. చుట్టుపక్కల చూస్తే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీద బౌద్ధస్తూపాలు. వాటిని 1919లో లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఇంకొంచెం ముందుకెళ్తే కళింగపట్నం - ఒకప్పటి రేవు, దీపస్తంభం, నది సముద్రంలో కలిసే చోటు.

ఇవన్నీ చదివాక మీ కలం వెంటనే సొరంగం వైపు పరిగెడుతుంది, నాకు తెలుసు. ఆగండి. సొరంగంలో నిధి, నిధికి కాపలా పాము, అమావాస్య పూజ... సినిమాలు వాటిని ఎప్పుడో పిండేశాయి. పాఠకురాలు రెండో పేజీలోనే "ఓ, ఇదా" అనేసి పోపు పెట్టుకోడానికి లేచిపోతుంది. ఊళ్ళో అందరూ గొప్పగా చెప్పుకునేది మీకు పనికిరాదు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి మాత్రమే తెలిసి, వాళ్ళు మాటల్లో కూడా పెట్టనిది పనికొస్తుంది.

ఎండ ఏ వైపు పడింది?

అలాంటిది శ్రీకూర్మంలో ఒకటుంది. మామూలుగా మన గుళ్ళలో స్వామి ఎక్కువగా తూర్పు ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభం ఒకటే ఉంటుంది. శ్రీకూర్మంలో స్వామిది పడమటి ముఖం. ధ్వజస్తంభాలు రెండు - తూర్పున ఒకటి, పడమట ఒకటి. ఊళ్ళోవాళ్ళకిది నీళ్ళు తాగినంత మామూలు సంగతి. దీన్ని నవలలో ఎలా వాడచ్చో చూపిస్తాను.

ఒక ఊరు అనుకోండి. పేరు తాబేళ్ళవలస. ఇది నేను కల్పించిన ఊరు, వెతక్కండి. ఫాల్గుణ పౌర్ణమికి డోలోత్సవం. శ్రీకూర్మంలో కూడా డోలోత్సవం పెద్ద పండుగే కాబట్టి ఆ సందడి ఎలా ఉంటుందో మన చెల్లెమ్మకి నేను చెప్పక్కర్లేదు. పండక్కని పట్నం నుంచి ఒక ఆడపడుచు పుట్టింటికి వచ్చింది. అన్నదమ్ములు పొలం అమ్మేద్దామంటున్నారు. ఆవిడ సంతకం కావాలి. ఆవిడ పెట్టనంది. ఆ సాయంత్రం గుడికని బయల్దేరిన మనిషి ఇంటికి తిరిగి రాలేదు.

పొలం కొనడానికి వచ్చిన ప్లాట్ల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఎస్సై అడిగితే ఇలా చెప్తాడు - "ఆ టైముకి నేను గుళ్ళోనే ఉన్నానండి. ధ్వజస్తంభం దగ్గర స్వామికి ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నాను. ఆవిడ నా పక్కనుంచే వెళ్ళింది. సాయంత్రం ఎండ కళ్ళల్లోకి కొట్టడంతో ఎటెళ్ళిందో చూడలేకపోయాను." ఎస్సైగారు పొరుగు జిల్లా మనిషి. అంతా రాసుకుని తలాడించేస్తాడు.

గుడి ముందు పూలమాలలు కట్టి అమ్ముకునే ముసలమ్మ ఒకామె అక్కడే ఉంది. 40 ఏళ్ళుగా అదే చోట కూర్చుంటోంది. ఆమె పూలు గుచ్చుతూ తలెత్తకుండానే అంటుంది - "సామికి ఎదురుగుంట నిలబడినోడికి సాయంత్రం ఎండ ఈపు మీద పడాల గానీ, కళ్ళల్లో ఎలగ పడినాది బావూ?"

అంతే! ఆ మనిషి ఆ సాయంత్రం గుడికే రాలేదు. అన్ని గుళ్ళూ ఒకలాగే ఉంటాయనుకుని అబద్ధం అల్లాడు. ఈ క్లూ లండన్ నుంచి తేలేం, హైదరాబాదు నుంచి తేలేం. పడమటి ముఖం స్వామి ఉన్న ఊరు మాత్రమే ఇవ్వగలదు. పాఠకురాలికి ఈ సంగతి మొదటి పేజీల్లోనే, ఏదో ఊరి వర్ణనలాగా ఒక వాక్యంలో చెప్పేసి ఊరుకోవాలి. చివర్లో ముసలమ్మ నోరు విప్పగానే "అయ్యో, నాకు ముందే చెప్పారే!" అని తల కొట్టుకోవాలి. చెప్పకుండా దాచేస్తే మాత్రం అది మోసం. పాఠకురాలు క్షమించదు.

ఇంగ్లండులో డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి చేసింది ఇదే. ఆవిడ తండ్రి పల్లెటూరి చర్చిలో ఫాదరు. నీళ్ళూ బురదా నిండిన పల్లపు ప్రాంతం, చర్చి గంటలు - అలాంటి చోట పెరిగింది. 1934లో 'ది నైన్ టైలర్స్' అనే నవల రాస్తే అందులో ఆ పల్లం, ఆ వరద, ఆ గంటలు మోగించే పద్ధతి తప్ప వేరే సరుకేమీ లేదు. కథకి ముడీ గంటల్లోనే, ముడి విప్పేదీ గంటల్లోనే. ఊరి పేరు మాత్రం కల్పించిందే.

జపానులో సైషి యోకొమిజో అనే ఆయన యుద్ధకాలంలో, 1945లో, పట్నం వదిలి ఒకాయామా ప్రాంతంలో ఒక పల్లెకి వెళ్ళి తలదాచుకున్నాడు. అక్కడి పాతకాలపు ఇళ్ళు, జరుపుడు తలుపులు, పెద్ద కుటుంబాల పరువు పట్టింపులు చూశాడు. మరుసటేడే వాటితో 'హోన్జిన్ హత్యలు' రాశాడు. జపాను డిటెక్టివ్ కథకి అది పెద్ద మలుపయింది. ఊరికి కొత్తగా వచ్చినవాడే అంత రాశాడంటే, 12 ఏళ్ళు కాపురం చేసిన నువ్వు ఎంత రాయాలి చెల్లెమ్మా!

గృహిణే మంచి డిటెక్టివ్

అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్ అనే పెద్దావిడని నవలలోకి తెచ్చింది. ఆవిడకి తుపాకీ లేదు, ఉద్యోగం లేదు. అల్లికలు అల్లుకుంటూ కిటికీలోంచి ఊరిని చూస్తుంది. పోలీసులకి దొరకనిది ఆవిడకి దొరుకుతుంది. ఎందుకంటే ఏ మనిషి ఏ పని ఎప్పుడు చేస్తాడో ఆవిడకి తెలుసు. పని మారితే వెంటనే పట్టేస్తుంది.

మనకి తెలీదా? చూడండి.

పక్కింట్లో ఉండేది ఇద్దరే. కానీ నాలుగు రోజులుగా గేదెకి పోసే కుడితి తొట్టి నిండుతోంది. అంటే నలుగురికి సరిపడా బియ్యం కడుగుతున్నారు. ఆ ఇంట్లో ఎవరో దాక్కున్నారు.

ముగ్గు చేతిరాత లాంటిది. ఎదురింటావిడ గీత ఎప్పుడూ సన్నగా, తెంపు లేకుండా ఉంటుంది. ఇవాళ లావుగా, అతుకులతో ఉంది. ముగ్గు పెట్టింది ఆవిడ కాదు. మరి ఆవిడేదీ?

రోజూ పొద్దున్నే గుడి తాబేళ్ళకి ఆకుకూర తెచ్చే మనిషి ఇవాళ రాలేదు. ఆమె ఇంటివాళ్ళు "ఒంట్లో బాగాలేదు, పడుకుంది" అంటున్నారు. కానీ పెరట్లో కోసిన కూర కట్ట అలాగే వాడిపోయి ఉంది. లేవలేని మనిషి కూరెలా కోసింది?

ఒక్కటీ పోలీసు రిపోర్టులో చేరే సంగతి కాదు. అన్నీ ఆడవాళ్ళ కంట్లో పడే సంగతులే. వీటిని మనం రోజూ చూస్తాం, మర్చిపోతాం. ఇకమీదట మర్చిపోకుండా రాసుకోండి. పాత పాల లెక్క పుస్తకం వెనక పేజీలైనా చాలు.

ఏమేం రాసుకోవాలంటే -

ముందు ఊరి పటం. గుడి, నుయ్యి, కిరాణా కొట్టు, బస్సు ఆగే చోటు, సరుగుడు తోట. ఏ ఇంటి గుమ్మంలోంచి ఏది కనబడుతుందో గీత గీసి పెట్టుకోండి. ఎవరు ఎవర్ని చూడగలరన్నదే సగం కథ.

తర్వాత ఊరి గడియారం. పాలమనిషి ఎప్పుడొస్తాడు, ఆఖరి బస్సు ఎప్పుడు పోతుంది, గుడి ఎప్పుడు మూస్తారు, కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయి. "ఆ టైముకి నేనక్కడ లేను" అన్నవాడి అబద్ధం ఈ గడియారమే పట్టిస్తుంది.

సెల్ ఫోన్ సంగతి కూడా చూసుకోండి. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది. ఒక్క ఫోను చేస్తే తేలిపోయే సంగతిని పాతిక వారాలు సాగదీస్తే ఎవరూ నమ్మరు. మీ తీరానికి ఆ బాధ లేదు. తుఫాను ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఎలా ఉందో ఉత్తరాంధ్ర ఇల్లాళ్ళని అడగండి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్లు పడి దార్లు లేవు. అలాంటి మూడు రాత్రులు మీ నవలకి చాలు. ఊరంతా ఒకే గదిలో పెట్టి తాళం వేసినట్టే!

ఆఖరిది భాష. 'ఏటి', 'ఎలగ', 'ఓలమ్మ' - మీ మాట మీ నవలలో రావాలి. సినిమాల్లో చాలాకాలం నవ్వించే పాత్రకో పనిమనిషికో మాత్రమే సిక్కోలు యాస పెట్టారు. మీరు తెలివైన పాత్రకి పెట్టండి. నిజం కనిపెట్టేది ఆ యాసలో మాట్లాడే పూలమ్మి అయితే ఎంత బాగుంటుందో మీరే చూశారుగా! అలాగని ప్రతి మాటా విరిచి రాస్తే చదివేవాళ్ళకి కష్టం. కూరలో ఉప్పంత చాలు.

శ్రీకాకుళం వెళ్ళే పనుంటే కథానిలయం చూసి రండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన లైబ్రరీ. తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని ఆయన పడిన తపన ఆ బీరువాల్లో కనిపిస్తుంది. మీ జిల్లా మనుషుల్ని, మాటల్ని పెద్దవాళ్ళు ఎలా రాశారో తెలుస్తుంది.

ఊరి నుంచి తేకూడనిది

ఇంతవరకూ తీసుకోమన్నాను. ఇప్పుడు వద్దనేది చెప్తాను. ఈ వారం నా అసలు మాట ఇదే.

ప్రతి ఊళ్ళోనూ ఒక బావి కథ ఉంటుంది. ఒక కోడలు నూతిలో పడింది. పడిందో, పడేశారో. ఒక పిల్ల ఇల్లు వదిలి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుసగుసగా చెప్పుకుంటారు. మిస్టరీ నవల రాద్దామని కూర్చోగానే మొదట గుర్తొచ్చేది అదే. దాన్ని మాత్రం ముట్టుకోకండి.

ఎందుకంటారా? ఆ కోడలికి ఒక కూతురుండచ్చు. పక్క ఊళ్ళో కాపురం చేసుకుంటూ ఈ పత్రికే తెప్పించుకుంటూ ఉండచ్చు. తన తల్లి చావు సీరియల్‌గా, వారానికో కొత్త అనుమానంతో చదవాల్సి వస్తే ఆ పిల్ల ఏమైపోవాలి? మీరు పేరు మార్చినా లాభం లేదు. ఫలానా వీధి, ఫలానా నుయ్యి, ఫలానా పండగ మర్నాడు అనగానే పల్లెటూళ్ళో ఎవరి గురించో చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. గుడి పూజారిని దొంగని చేసినా అంతే. ఊరికి పూజారుల ఇళ్ళు ఎన్నుంటాయి? మర్నాటి నుంచి వాళ్ళ పిల్లలు బడికి ఎలా వెళ్తారు?

అందుకే తాబేళ్ళవలస అన్నాను. పడమటి ఎండ నిజం ఊరి నుంచి తెచ్చుకున్నాను. కోనేరు, డోలోత్సవం, పూలమాలలు తెచ్చుకున్నాను. కానీ ఆ వ్యాపారి, ఆ అన్నదమ్ములు, ఆ ఆడపడుచు ఎవరూ కారు. తాళం కప్ప ఊరిది, తాళంచెవి ఊరిది. దొంగ మాత్రం మీ ఊహలోంచి రావాలి.

మరి నిజం లేకుండా ఎలా అంటారేమో. నిజం ఉండాలి. అది ఒక మనిషి బతుకుది కాకుండా పదిమంది బతుకులది కావాలి. గురజాడవారు చేసిందదే కదా. ఇప్పటి ఊళ్ళలో నిధుల కోసం ఎవరూ చంపుకోరు. సంతకాల కోసం పీకలు పట్టుకుంటారు. మన రాష్ట్రంలో 1985 నుంచి పెళ్ళికాని ఆడపిల్లలకి, 2005 నుంచి దేశమంతటా ఆడపిల్లలందరికీ హిందూ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఉందని చట్టం చెప్తోంది. చట్టం చెప్పినా "పుట్టింటితో గొడవెందుకమ్మా, ఓ సంతకం పెట్టెయ్" అనే మాట వినని ఆడపడుచు ఎందరున్నారు? పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అరెకరం కాగితం పెట్టెలోంచి ఎటు పోయిందో తెలీనివాళ్ళు ఎందరున్నారు? మీ నవలకి కారణం అక్కడుంది. చదివే ప్రతి ఇల్లాలికీ గుండె కలుక్కుమంటుంది. ఏ ఒక్క ఇంటి పరువూ పోదు.

ఇంకొక్క మాట. తాబేళ్ళవలస ఆడపడుచు కనపడకుండా పోయింది కదా. ఊరు ఏమంటుందో మీకు తెలుసు. తెల్లారేసరికి తీర్పు చెప్పేస్తుంది - "ఎవడితోనో పోయింది." సాక్ష్యం అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. పల్లెల్లోనే కాదు, పట్నం అపార్టుమెంట్లలో కూడా ఆడదాని విషయంలో మొదటి తీర్పు ఇదే. అన్నదమ్ములకీ ఆ తీర్పే కావాలి, వ్యాపారికీ అదే కావాలి. ఆ మాట ఒకసారి ఊళ్ళో పాకితే ఇక ఎవరూ ఆవిణ్ణి వెతకరు.

మంచి మిస్టరీ నవల ఆ తీర్పుని ఆపుతుంది. ఆగండి, ఎండ ఏ వైపు పడిందో చూద్దాం, కుడితి ఎంత పోశారో చూద్దాం, ముగ్గు ఎవరు పెట్టారో చూద్దాం అంటుంది. పాతిక వారాల పాటు వేలమంది ఆడవాళ్ళ చేత ఒక ఆడమనిషిని వెతికిస్తుంది. కాలక్షేపం కోసం చదివే నవలకి ఇంత పనుందని ఎవరనుకుంటాం?

ఆవిడ చివరికి బతికే ఉందా? కన్యాశుల్కంలో పెళ్ళికూతురిలా తన దారి తను చూసుకుందా? లేక కళింగపట్నం వైపు ఏ చుట్టాలింట్లోనో కూర్చుని, సంతకం పెట్టక్కర్లేని రోజు కోసం ఎదురుచూస్తోందా? అది నేను చెప్పను. రాసేది మీరు.

రేపు పొద్దున్న వాకిట్లో ముగ్గు పెట్టి ఒక్క క్షణం అలాగే నిలబడి వీధి ఈ చివర్నుంచి ఆ చివరకి చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఒక్కటి పట్టుకుని రాసుకోండి. అలా 30 రోజులు రాశాక మళ్ళీ ఉత్తరం రాయి చెల్లెమ్మా. అప్పుడు మీ ఊళ్ళో ఏముందని మాత్రం అడగవు!